గుండెకు రెండు గ్రేసు మార్కులు

నాకు గుండెపోటు వచ్చి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. ఈ మాట బయట ఎక్కడన్నా జనం నవ్వుతారు. మా ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. పైగా ఇద్దరు ముగ్గురు వచ్చి చెయ్యి కలిపారు.

మాది రాష్ట్ర ఉత్తీర్ణతా ప్రమాణాల మండలి. పిల్లలకు పరీక్షలు పెట్టడం, జవాబు పత్రాలు దిద్దించడం, మార్కులు కూడడం, కూడినవాటిని ఇంకోసారి కూడి వేరే అంకె రప్పించడం, చివరికి ఫలితాలు ప్రకటించడం మా పని. ఏళ్ళ తరబడి ఈ పని చేసినవాళ్ళకి లోకంలో ఏ అంకె చూసినా దాని పక్కన పాసో ఫెయిలో రాసి ఉన్నట్టే కనిపిస్తుంది. మా సెక్షన్లో ఒకాయనకి జ్వరం నూట రెండు వస్తే, "నూటికి నూట రెండా? టోటలింగు తప్పు" అని థర్మామీటరు నర్సుకి వెనక్కిచ్చేశాడు.

నా పేరు భీమశంకరం. జవాబు పత్రాలు దాచే స్ట్రాంగ్ రూముకి ఇన్‌ఛార్జిని. ఆ గది మూడో అంతస్తులో ఉంది. బరువైన వస్తువులన్నీ పైన, బరువులేని మనుషులంతా కింద ఉండాలని ఆ భవనం కట్టినవాళ్ళు ఏదో మొక్కు మొక్కుకున్నట్టున్నారు. ఒక మధ్యాహ్నం బండిళ్ళు సర్దుతుంటే ఎడమ భుజంలో మొదలై దవడ దాకా ఏదో పాకింది. గ్యాసనుకుని సోడా తెప్పించుకున్నాను. సోడా సీసాతో సహా కింద పడ్డాను.

ఆసుపత్రిలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంటు వేశారు. ప్రాణం నిలబడింది. మర్నాడు గుండెకి ఎకో తియ్యాలని ఓ చీకటి గదిలోకి తీసుకెళ్ళి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జిగురేదో రాశారు. డాక్టర్ కామాక్షి గారు చేతిలో చిన్న పరికరం పట్టుకుని పక్కటెముకల మధ్య నొక్కారు. పక్కనున్న తెర మీద విసనకర్ర ఆకారంలో బొమ్మ వెలిగింది. అందులో నా గుండె. నాలుగు గదులు. నేను అద్దెకుండే ఇంట్లో రెండే.

"ఊపిరి బిగబట్టండి. ఆఁ, అంతే. ఇదిగో, ఈ గోడ చూశారా? మిగతావన్నీ లోపలికి ముడుచుకుంటున్నాయి, ఇదొక్కటే కదలట్లేదు," అన్నారావిడ.

"చచ్చిపోయిందాండీ?"

"లేదు. దెబ్బకి మూర్ఛపోయింది. మందులు వాడి విశ్రాంతి ఇస్తే చాలామటుకు తేరుకుంటుంది. గుండె నిండినప్పుడు లోపలున్న రక్తంలో ఒక్క దెబ్బకి ఎంత బయటికి తోస్తోందో ఈ శాతం చెబుతుంది. మీది ముప్పై ఎనిమిది."

"నూటికా?" అన్నాను.

"నూటికి నూరు ఎవరికీ రాదండీ. పూర్తిగా ఖాళీ అయ్యే గుండంటూ ఉండదు. యాభై అయిదు, అరవై ఉంటే నిక్షేపం. ముప్పై అయిదుకి దిగితే మాకు కంగారు. ఆ కిందికెళితే ఛాతీలో మిషన్ పెట్టాలా అని ఆలోచిస్తాం. అందుకని కొన్నాళ్ళు మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు. నేల మీద ఎంతన్నా నడవండి."

ఆవిడ అదంతా కాగితం మీద రాసిచ్చారు. ఇంటి దగ్గర ఉప్పు లేని కూరలు తింటూ పైకప్పు చూస్తూ పడుకున్నాను. సెలవు అయిపోయాక ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. కింది అంతస్తులో తపాలా సెక్షన్లో ఓ కుర్చీ వేయిస్తే చాలు, అంతకన్నా నేను కోరేదేమీ లేదు.

మా డైరెక్టరు వామనమూర్తి గారు. మనిషి పొట్టి, ఉత్తర్వులు పొడుగు. ఆయన ఇంట్లో కూడా సర్క్యులర్ భాషలోనే మాట్లాడతారని, ఒకసారి భార్యని "పప్పు నందు ఉప్పు లోపించినట్లు దృష్టికి వచ్చినది" అన్నారని డ్రైవరు చెప్పాడు. కళ్ళజోడు సవరించుకుని నా రిపోర్టు చదివారు. అంకె దగ్గరికొచ్చేసరికి ఆయన మొహం విప్పారింది.

"ముప్పది ఎనిమిది! మూడు మార్కుల ఆధిక్యముతో ఉత్తీర్ణులైనారు. శుభాభినందనలు."

"సార్, అవి మార్కులు కావండీ. గుండె ఎంత బలంగా..."

"శాతములో చెప్పిరా, లేదా?"

"శాతంలోనే చెప్పారండీ."

"నూటికి ఇంత అని చెప్పబడిన ప్రతిదియు మార్కే. ముప్పది అయిదు అందుకొనిన ప్రతివాడును ఉత్తీర్ణుడే. ఈ రెండు వాక్యముల మీద ఈ మండలి నిలబడియున్నది, భీమశంకరం గారూ."

"మెట్లెక్కొద్దని రాశారండీ డాక్టరుగారు. ముప్పై అయిదంటే వాళ్ళకి ప్రమాదమట."

"ముప్పది అయిదు ప్రమాదమా!" ఆయన నొచ్చుకున్నారు. "లక్షలాది కుటుంబములు ఆ అంకెను చూసి దీపములు వెలిగించుకొనుచున్నవి. ఉత్తీర్ణుడైన మీకు రాయితీ ఇచ్చినచో అనుత్తీర్ణులైన వారి గతి ఏమి? వారి మనోభావములు ఏమి?"

"మన ఆఫీసులో గుండె ఫెయిలైనవాళ్ళెవరూ లేరు కదండీ."

ఆయన పెన్ను కింద పెట్టారు. "నిజమే. పరీక్ష నిర్వహింపబడలేదు కదా, తెలియుట ఎట్లు?" అన్నారు. ఆ కళ్ళలో వెలుగు చూశాక నేను నోరు మూసుకుని ఉండాల్సిందని తెలిసింది.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. "మండలి సిబ్బంది యావన్మందికి హృదయ సామర్థ్య పరీక్ష నిర్వహింపబడును. ముప్పది అయిదు, ఆపైన శాతము పొందినవారు ఉత్తీర్ణులు. అరువది ప్రథమ శ్రేణి. డెబ్బది అయిదు విశిష్ట శ్రేణి. ఉత్తీర్ణులు మెట్లను మాత్రమే వినియోగించవలెను. లిఫ్టు అనుత్తీర్ణులకు ప్రత్యేకింపబడినది. ఉత్తీర్ణులకు వైద్య కారణములపై సెలవు వర్తించదు."

ఇంటికొచ్చి మా ఆవిడ మాణిక్యాంబకి చెప్పాను. ఆమెకి మొదటి వాక్యమే వినిపించింది.

"పాసయ్యారా? మరి చెప్పరేవండీ!" అంటూ అప్పటికప్పుడే పక్క వాటాల వాళ్ళకి లడ్డూలు పంచేసింది. "మా ఆయన గుండె పరీక్ష పాసయ్యారండీ, మొదటి అటెంప్టులోనే." ఎదురింటావిడ మొహం ముడుచుకుని, వాళ్ళాయనకి ఎప్పుడో అరవై నాలుగు వచ్చిందనీ, తాము ఎవరికీ చెప్పుకోలేదనీ అంది. దాంతో మాణిక్యాంబ ఆ రాత్రి నాకు మజ్జిగ కూడా సరిగ్గా పొయ్యలేదు.

పరీక్ష మొదటి అంతస్తు సమావేశ మందిరంలో పెట్టారు. ఉచిత వైద్య శిబిరం అనుకుని కామాక్షి గారు యంత్రం పట్టుకుని వచ్చారు పాపం. గుమ్మం దగ్గరే ఆవిడకి "ముఖ్య పరీక్షకులు" అన్న రిబ్బను బ్యాడ్జీ పెట్టారు. అభ్యర్థులకు హాల్ టికెట్లు ఇచ్చారు. సూపరింటెండెంటు పట్టాభిరామయ్య ఫ్లయింగ్ స్క్వాడ్. ఈయన పిల్లల చొక్కా చేతుల్లోంచి, సాక్సుల్లోంచి, ఒకసారి జడలోంచి కూడా చీటీలు లాగిన మనిషి. ఆ రోజు అందరి జేబులూ తడిమి బీపీ మాత్రలు, షుగరు మాత్రలు గిన్నెలోకి ఒంపించాడు.

"పరీక్షా మందిరంలో మాత్ర నోట్లో వేస్తే మాల్‌ప్రాక్టీసు. రిజల్టు క్యాన్సిలు, ఫెయిలు కింద లెక్క. అక్కడికక్కడే బుక్ చేసేస్తాను," అని అరిచాడు. మంచం మీద పడుకున్నవాళ్ళ తల గోడ వైపు తిప్పాడు. "తెర వైపు చూడకండి. జవాబు కనపడుతుంది."

ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఒక్కరూ ఫెయిలవలేదు. అటెండరు గవర్రాజుకి అరవై ఆరు వచ్చి ఆఫీసు ఫస్టు అయ్యాడు. వామనమూర్తి గారికి యాభై ఎనిమిది. ఆయన బోర్డు ముందు నిలబడి తన నంబరు వెతుక్కుంటున్నప్పుడు చుట్టూ ఎవరూ దగ్గలేదు.

"చాలా బాగుంది సార్ మీ గుండె," అన్నారు కామాక్షి గారు.

"ద్వితీయ శ్రేణి," అన్నారాయన.

"గుండెకి శ్రేణులేంటండీ!"

"శ్రేణి లేని చోట శ్రద్ధ యుండదు. పునర్మూల్యాంకనమునకు దరఖాస్తు చేయుచున్నాను."

ఎవరు చూసినా, ఎన్నిసార్లు చూసినా నాలుగైదు అటూ ఇటూ మామూలేనని ఆవిడ చెప్పి చూశారు. ఆ మాటతో ఆయనకి ఇంకా అనుమానం వచ్చి, ముగ్గురు పరీక్షకుల చేత తీయించారు. యాభై ఏడు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. మూడోదాన్ని పట్టుకుని ఒక్క మార్కు కోసం ఆ డాక్టరు వెనక కారు దాకా వెళ్ళారని అంటారు.

ఎవరూ ఫెయిలవకపోవడంతో మా లిఫ్టుకి ప్రయాణికులు లేకుండా పోయారు. లిఫ్టుమాన్ బుల్లెబ్బాయి లోపల స్టూలేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, రన్నింగులో ఉంచాలన్న నియమం ప్రకారం ఖాళీ లిఫ్టుని పైకీ కిందికీ తిప్పుతుండేవాడు. నేను మెట్ల మలుపులో గోడ పట్టుకుని రొప్పుతూ నిలబడితే, ఊచల తలుపులోంచి అతను పైకి వెళుతూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి నమస్కారం పెట్టేవాడు.

ఈలోగా సంగతి ఊరికెక్కింది. మా మండలి ఏం చేసినా ఊళ్ళో కోచింగు సెంటర్లు ముందే పసిగడతాయి. వారం తిరక్కుండా గోడల మీద బ్యానర్లు లేచాయి. హృదయ ఫౌండేషన్ బ్యాచ్‌లు, లాంగ్ టర్మ్, క్రాష్ కోర్సు. టీవీలో ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా "అరవై ఆరు! అరవై నాలుగు! అరవై నాలుగు! అరవై మూడు! అరవై మూడు! అరవై మూడు!" అని అరిచేది. గవర్రాజు ఫోటో వేసి, మా విద్యార్థేనని రెండు సెంటర్లు పోటీలు పడి ప్రకటించుకున్నాయి. అతను ఆ రెండింటికీ వెళ్ళలేదు.

నా సంగతికొస్తే, రోజూ మూడంతస్తులెక్కడం, బండిళ్ళు దించడం, ఎత్తడం. కొన్నాళ్ళకి చెప్పులు బిగుతయ్యాయి. చూస్తే పాదాలు వాచాయి. మళ్ళీ ఎకో తీసినప్పుడు కామాక్షి గారు తెర మీద గీతలు రెండుసార్లు గీసి, పరికరం పక్కన పెట్టేశారు.

"ముప్పై మూడు! పెరగాల్సింది తగ్గిందేవిటండీ? ఏం చేస్తున్నారు మీరసలు?"

"మెట్లెక్కుతున్నానండీ."

"ఎందుకు?"

"పాసయ్యానండీ."

ఆవిడ తల పట్టుకున్నారు. నాకు మాత్రం, నిజం చెబుతున్నాను, మంచం మీదే ఎగిరి గంతెయ్యాలనిపించింది. ముప్పై మూడు. ఫెయిలు. లిఫ్టు. పాతికేళ్ళ పైచిలుకు లక్షల మంది పిల్లల ఫలితాలు చూశాను గానీ, ఫెయిలైనందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుని దేవుడికి దణ్ణం పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆవిడ డైరెక్టరుకి ఘాటుగా ఉత్తరం రాసిచ్చారు.

వామనమూర్తి గారు అది చదివి పక్కన పెట్టారు. "పరీక్షకుల బాధ్యత మార్కులు వేయుటతో ముగియును. మండలితో ఉత్తర ప్రత్యుత్తరములు నిషిద్ధము." తర్వాత నా వైపు చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. మనసు మంచిదే ఆయనది, అదే వచ్చిన చిక్కు. "రెండు మార్కుల తేడాతో ఒక జీవితము నాశనమగుటకు ఈ మండలి ఎన్నడును అంగీకరింపలేదు. మానవతా దృక్పథముతో మీకు రెండు గ్రేసు మార్కులు కలుపుచున్నాను. ముప్పది అయిదు. ఉత్తీర్ణులైనారు. వెళ్ళుడు."

"సార్, కలపకండి సార్."

"కృతజ్ఞతలు అనవసరము."

ఈసారి మాణిక్యాంబ లడ్డూలు పంచలేదు. వాచిన నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "వాళ్ళు కలిపిన ఆ రెండు మార్కులూ మీ గుండెలో ఎక్కడున్నాయండీ?" అంది. అని ఏడ్చింది. నాకు గుండెపోటు వచ్చిన రోజున కూడా అంత భయం వెయ్యలేదు. ఆ మెట్ల మీదే నేను పోతాననీ, పోయాక కూడా మా వాళ్ళు ఉత్తీర్ణుడిగానే పోయాడని సంతాప తీర్మానం చేస్తారనీ అనిపించింది.

డైరెక్టరుగారు మటుకు యాభై ఎనిమిది దగ్గరే ఉన్నారు. ఏదో సెంటర్లో రహస్యంగా చేరారు. వాళ్ళు చెప్పినట్టు మెట్లు పరుగున ఎక్కి, చిక్కటి కాఫీ రెండు గ్లాసులు తాగి, ఆ దడ తగ్గకముందే మంచమెక్కి ఎకో తీయించుకున్నారు. డెబ్బై ఆరు వచ్చింది.

"ఇది లెక్కలోకి రాదు సార్," అన్నారు కామాక్షి గారు. "పరిగెత్తుకొచ్చి పడుకున్నారు కాబట్టి గట్టిగా కొట్టుకుంటోంది. మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటోందా మీకు?"

"గ్యాసు."

"ఈ పరీక్షలో పంపు ఎలా కొడుతోందో తెలుస్తుంది. పైపుల్లో పూడిక ఉంటే ఇందులో కనపడదు. దానికి వేరే..."

"సిలబస్ నందు లేని ప్రశ్నలు అడుగరాదు," అని ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నారు.

డెబ్బై ఆరు అంటే విశిష్ట శ్రేణి, రాష్ట్రంలో మొదటి ర్యాంకు. మా ఆఫీసు తప్ప రాష్ట్రంలో ఇంకెవరూ పరీక్ష రాయలేదనుకోండి. మూడో అంతస్తు ఆడిటోరియంలో సన్మానం పెట్టారు. విలేఖరుల ఎదుట, పెద్ద తెర మీద, ఆయన గుండెను ప్రత్యక్షంగా ప్రదర్శించాలని నిర్ణయం. అది కూడా పరీక్షే కాబట్టి హాలు బయట "పరీక్ష జరుగుచున్నది, నిశ్శబ్దము" అన్న బోర్డు వేలాడదీశారు. ఎకో యంత్రం కూడా ఎక్కడా ఫెయిలైన దాఖలా లేదు కనక దాన్ని లిఫ్టులోకి రానివ్వలేదు. మేం నలుగురం మెట్ల మీద మోశాం.

పైకి చేరేసరికి నాకు ఛాతీ పట్టేసింది. వేదిక పక్కన కూలబడి, జేబులో దాచుకున్న నాలిక కింద పెట్టుకునే మాత్రని చేత్తో తడుముకుంటూ ఉండిపోయాను. పట్టాభిరామయ్య నా ఎదురుగానే ఉన్నాడు. చస్తే చస్తాను గానీ మాల్‌ప్రాక్టీసు చేశాడనిపించుకోనని పళ్ళు బిగబట్టాను. నా చేత్తో ఎంతమంది పిల్లల్ని బుక్ చేయించానో.

వామనమూర్తి గారు మెట్లు పరిగెత్తుకుంటూ వచ్చారు. కాఫీ తాగారు. శాలువా కప్పించుకున్నారు. ఆ శాలువాలోనే మంచమెక్కి ఎడమ పక్కకి తిరిగారు. తెర మీద విసనకర్ర వెలిగింది. ఆయన గుండె టపటపా కొట్టుకుంటుంటే జనం చప్పట్లు మొదలెట్టారు.

"విద్యార్థి లోకమునకు నా సందేశము..." అంటూ మైకు అందుకున్నారాయన. "హృదయమనునది..." అని ఆగారు. నుదురంతా చెమట.

నేను తెర వైపు చూశాను. మిగతా గోడలన్నీ ముడుచుకుంటున్నాయి. ఒక గోడ మెల్లగా, మెల్లగా, నిలబడిపోయింది. ఆ గోడ నాకు తెలుసు. నా తెర మీద చూసిన గోడే.

"మేడం! గోడ!" అని అరిచాను.

కామాక్షి గారు అప్పటికే లేచారు. "సార్‌కి హార్ట్ ఎటాక్! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి! కిందికి దింపాలి, త్వరగా!" చప్పట్లు ఇంకా ఆగలేదు. ముందు వరుసలో ఎవరో, "డిస్టింక్షన్ వచ్చినాయనకి హార్ట్ ఎటాక్ ఏంటండీ, ఫేక్ న్యూస్," అన్నారు.

కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టు దాకా మోసుకెళ్ళారు, నేను గోడ పట్టుకుని వెనకే వెళ్ళాను. బుల్లెబ్బాయి ఊచల తలుపు తియ్యలేదు.

"ఫెయిలు మెమో ఉందాండీ?"

"మతిపోయిందా! డైరెక్టరుగారయ్యా! ప్రాణం పోతోంది!" అన్నారు డాక్టరుగారు.

"అందుకేనండి నా బయ్యం. రూలు ఎట్టింది ఆరే. సారుది డెబ్బయ్యారు. మొన్న ఆరి మావగారొస్తేనే ఎక్కించుకోలేదని నన్ను మెచ్చుకున్నారు. రేపు లేచాక నా ఉద్యోగం పీకెయ్యరేటండి?"

వామనమూర్తి గారు బాధతో మెలికలు తిరుగుతూనే కళ్ళు తెరిచారు. "నిబంధన... నిబంధనయే," అన్నారు. "మెట్లు." ఆ మాట విన్నాక అక్కడున్న నలుగురు అధికారులూ నిజంగానే కుర్చీని మెట్ల వైపు తిప్పారు. పట్టాభిరామయ్య అయితే, అత్యవసర సవరణకి ఫైలు పెడితే పైన సంతకం చెయ్యాల్సింది కూడా ఈయనేనని గుర్తు చేశాడు.

డాక్టరుగారు ఇదంతా పట్టించుకోకుండా సంచీలోంచి ఆస్పిరిన్ బిళ్ళ తీసి ఆయన నోట్లో పెట్టారు. "నమలండి సార్. గట్టిగా నమలండి."

ఆయన నమిలారు. కరకరమని చప్పుడైంది. ఆ చప్పుడుకి నా బుర్రలో దీపం వెలిగింది.

"మాల్‌ప్రాక్టీసు!" అని కేక పెట్టాను. "పట్టాభిరామయ్యగారూ, ఏం చూస్తున్నారండీ! పరీక్ష బోర్డు ఇంకా వేలాడుతోంది. అభ్యర్థి నోట్లో మాత్ర!"

పట్టాభిరామయ్య ఉలిక్కిపడ్డాడు. అలవాటు ఎంతటివాణ్ణయినా లాక్కుపోతుంది. ఎదురుగా ఉన్నది డైరెక్టరన్న సంగతి మర్చిపోయి ఆయన దవడ పట్టుకున్నాడు. "ఏది? నోరు తెరువు! ఆఁ! బుక్డ్! రిజల్టు క్యాన్సిలు! ఫెయిల్!"

"అలా సెప్పండి మరీ," అంటూ బుల్లెబ్బాయి తలుపు లాగేశాడు.

కుర్చీ లోపలికి వెళ్ళింది. కామాక్షి గారు వెళ్ళారు. ఆవిడ వెనక్కి తిరిగి, చెమటలో తడిసి గోడకి జారగిలబడిన నన్ను చూశారు. "మీరు కూడా రండి. మీ వాలకమూ బాగాలేదు."

"ఈరు పాసండి," అన్నాడు బుల్లెబ్బాయి, నిజంగా బాధపడుతూ.

నేను జేబులోంచి మాత్ర తీశాను. ఇంత సులువైన దారి ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదని మీరడగొచ్చు. పట్టుకునేవాళ్ళ పక్షాన అన్నేళ్ళు కూర్చున్నవాడికి ఆ ఆలోచన రాదు. పట్టాభిరామయ్యకి బాగా కనపడేలా మాత్ర పైకెత్తి చూపించి, నాలిక కింద పెట్టుకున్నాను.

"నన్నూ బుక్ చెయ్యండి," అన్నాను. మాత్ర అడ్డం పడి మాట ముద్దగా వచ్చింది.

"బుక్డ్!" అన్నాడతను. లిఫ్టులో ఫ్యాను గాలి చల్లగా తగిలింది. ఆ గాలి ఎంత బాగుందో చెప్పలేను.

ఇద్దరం బతికాం. నా మాల్‌ప్రాక్టీసు కేసుని విచారణ సంఘం కొట్టేసింది. మొదటి తప్పని మన్నించి, దయతో నా ముప్పై అయిదు నాకు తిరిగిచ్చేశారు. అంటే మళ్ళీ మెట్లు. డైరెక్టరుగారిని కొత్తగా పరీక్ష రాయమన్నారు. ఫెయిలుగా ఉన్నప్పుడు నాకు దొరికిన సెలవు ముగిసేలోపు ఆయన్ని ఒకసారి చూసి రావాలని ఆసుపత్రికి వెళ్ళాను. వామనమూర్తి గారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. కామాక్షి గారు అప్పుడే ఎకో తీసి చెయ్యి తుడుచుకుంటున్నారు.

"ఎంత?" అన్నారాయన.

"ముప్పై అయిదు సార్."

ఆయన నా మొహం చూశారు. నేను కిటికీ చూశాను. మూడంతస్తుల మెట్లు మా ఇద్దరి మధ్యా నిలబడ్డాయి.

"అమ్మా, ఒక్క మార్కు తగ్గించలేరా?" అన్నారాయన. ఆయన సర్క్యులర్ భాష కాకుండా మాట్లాడగా వినడం నాకదే మొదలు.

ఆవిడకి నవ్వు ఆగలేదు. జవాబు నేనే చెప్పాల్సొచ్చింది. "కలపడానికే నిబంధన ఉందండీ. తగ్గించడానికి లేదు."

ఆయన దుప్పటి మీద వేలితో ఏదో రాసుకుంటూ ఆలోచనలో పడ్డారు.

మర్నాడు మంచం మీంచే సర్క్యులర్ వచ్చింది. "ప్రమాణములను మరింత పెంపొందించు ఉద్దేశముతో, హృదయ సామర్థ్య పరీక్షయందు ఉత్తీర్ణతా మార్కు ముప్పది అయిదు నుండి ముప్పది ఆరునకు పెంచబడినది. గ్రేసు మార్కుల విధానము రద్దు. ఇదివరలో కలుపబడినవి యథాతథము." ప్రమాణాల విషయంలో రాజీ పడని అధికారి అని పత్రికలు మెచ్చుకుంటూ రాశాయి. మాణిక్యాంబ ఆ సర్క్యులర్ రెండుసార్లు చదివించుకుని, ముప్పై అయిదు ముప్పై ఆరుకి తక్కువేనని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, వంటింట్లోకి పరిగెత్తింది. నేతి సున్నుండలు. ఎదురింటి తలుపు కొట్టి మరీ పంచింది.

"మా ఆయన ఫెయిలయ్యారండీ!"

నాకు ఒక్కటీ పెట్టలేదు.

కొన్నాళ్ళకి డైరెక్టరుగారు డ్యూటీలో చేరారు. ఆ ఉదయం లిఫ్టు దగ్గర ఇద్దరం కలిశాం. బుల్లెబ్బాయి మెమోలు చూసి, ఆయనకోటీ నాకోటీ స్టూళ్ళు వేశాడు. తలుపు మూశాక వామనమూర్తి గారు నా వైపు కాస్త ఒంగారు.

"భీమశంకరం గారూ, మీకెంత?"

"ముప్పై అయిదండీ. మీరు కలిపిన రెండుతో."

"నాకును ముప్పది అయిదే," అన్నారాయన. శాలువా సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని, మెల్లగా అన్నారు, "కలపకుండా."

ఒప్పుకున్నాను. ఫెయిలైనవాళ్ళలో ఆయనే ఫస్టు. లిఫ్టు పైకి కదిలింది.